బార్‌హెడెడ్ గుంపులో చారల్లేని గూస్: అరుదైనవాటిని ఎలా వెతకాలి, ఎలా గుర్తుపట్టాలి?

గట్టుమీద | జనవరి 4, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మూడు చలికాలాలుగా ఒకే చెరువు చూస్తున్నాను. ఈ ఏడు బార్‌హెడెడ్ గూస్‌లు (తల మీద రెండు నల్ల చారలుండే పెద్ద వలస బాతులు) బాగా దిగాయి, నా లెక్కకు 400 దాకా ఉన్నాయి. వాటితోపాటు చక్రవాకాలు, సూదితోక బాతులు, ఇంకా చిన్నాచితకా.

ఈరోజు అవతలి ఒడ్డు బురద మీద ఒక పక్షి కనిపించింది. తల మీద చారలు లేవు. ఒళ్ళంతా బూడిద గోధుమ రంగు. పిల్ల బార్‌హెడెడ్ అనుకుని దాటేశాను. ఇంటికొచ్చి ఫోటో పెద్దది చేసి చూస్తే ముక్కు మరీ లావుగా అనిపించింది. దూరం దాదాపు 300 మీటర్లు, ఫోటో బాగా రాలేదు. అయినా నాలుగు ఫోటోలు పెడుతున్నాను.

అసలు నా ప్రశ్న ఇదొక్క పక్షి గురించి కాదు. నేను గుంపుని ఈ చివర నుంచి ఆ చివరికి పదులుగా లెక్కపెట్టుకుంటూ పోతాను. అలా పోతూ మూడేళ్ళుగా ఎన్నిటిని వదిలేశానో అని ఈరోజు బెంగ పట్టుకుంది. మీరంతా ఇలాంటి గుంపుల్లో ఎలా వెతుకుతారు?

---

పాతదుర్భిణి | జనవరి 4, రాత్రి 10:05

మంచి ప్రశ్న. ముందు మీ పక్షి సంగతి చూద్దాం.

బార్‌హెడెడ్ పిల్లలకు తల మీద రెండు నల్ల చారలు ఉండవు. మొహం తెల్లగా, నడినెత్తి నుంచి మెడ వెనక దాకా ముదురు బూడిద రంగు దిగినట్టు ఉంటుంది. జనవరి నాటికి కొన్నిటికి చారల జాడ మొదలవుతుంది, కొన్నిటికి ఇంకా రాదు. కొత్తవాళ్ళు గ్రేలాగ్ (ఇంకో గూస్ జాతి) అని రాసేవాటిలో చాలా వరకు ఈ పిల్లలే. అందుకని "చారల్లేవు" అన్న ఒక్క మాట మీద ఏ నిర్ణయానికీ రాకూడదు.

నాలుగు సంగతులు చెప్పండి. కాళ్ళ రంగేమిటి? ముక్కు రంగు, ముక్కు కొస రంగు? మెడ పక్కన తెలుపు ఏమైనా ఉందా? పక్కనున్న బార్‌హెడెడ్‌తో పోలిస్తే పెద్దదా, చిన్నదా? గూస్‌ల విషయంలో నేను అన్నిటికన్నా ముందు కాళ్ళు చూస్తాను. ఈకల రంగు వెలుగుని బట్టి మారిపోతుంది. కాళ్ళు గులాబీవా నారింజవా అన్నది తేలితే సగం పేర్లు అక్కడే పక్కకు పోతాయి. గ్రేలాగ్, పింక్‌ఫుటెడ్ గులాబీ కాళ్ళవి. వైట్‌ఫ్రంటెడ్ రెండు రకాలూ (గ్రేటర్, లెసర్), బీన్ గూస్‌లూ నారింజ కాళ్ళవి. బార్‌హెడెడ్‌వి పసుపు కలిసిన నారింజ.

మీ మొదటి రెండు ఫోటోల్లో కాళ్ళు బురదలో ఉన్నాయి. మూడోది వెలుగుకు ఎదురుగా తీశారు. వీటితో నేను పేరు పెట్టను. మళ్ళీ వెళ్ళగలరా?

---

గట్టుమీద | జనవరి 4, రాత్రి 10:20

రేపు తెల్లవారకముందే వెళ్తాను మాస్టారూ. కాళ్ళ మీద నేను అసలు చూపే పెట్టలేదు. తల మీదే ఉండిపోయాను.

---

ఉత్తరగాలి | జనవరి 5, ఉదయం 7:31

నేనుండే చోట చలికాలమంతా కెనడా గూస్ గుంపులు. వేలల్లో ఉంటాయి. వెతికే పద్ధతి గురించి అడిగారు కాబట్టి నాకు అలవాటైంది చెప్తాను.

లెక్క వేరు, వెతుకులాట వేరు. రెండూ ఒకేసారి చేస్తే రెండూ పాడవుతాయి. లెక్కపెట్టేటప్పుడు కన్ను పక్షుల్ని ముద్దలుగా చూస్తుంది, పది, ఇరవై, ముప్పై అని. వెతికేటప్పుడు ఒక్కొక్క తలా చూడాలి. అందుకని మొదట లెక్క పూర్తి చేసి పుస్తకంలో రాసేస్తాను. తర్వాత స్కోప్ (స్టాండు మీద నిలిపి చూసే దుర్భిణి) తక్కువ జూమ్‌లో పెట్టి ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుతాను. ఏదైనా "తేడాగా ఉంది" అనిపిస్తే అప్పుడే జూమ్ పెంచుతాను. ఇక్కడ తేడా అంటే రంగొక్కటే కాదు. మెడ పొడుగు, నిలుచునే తీరు, మేసే వేగం, పక్కవాటితో దూరం, ఇవన్నీ.

కుడి చివరికి చేరాక మళ్ళీ వెనక్కి వస్తాను. మొదటిసారి నిద్రపోతున్న పక్షులు రెండోసారికి తల ఎత్తుతాయి. పెద్ద పక్షి వెనక దాగిన చిన్నది ముందుకొస్తుంది. నాకు దొరికిన మంచి పక్షుల్లో ఎక్కువ భాగం మూడో విడతలోనో నాలుగో విడతలోనో దొరికాయి. గుంపు అంచులు మరింత ఓపిగ్గా చూడండి. తనవాళ్ళెవరూ లేని పక్షి చాలాసార్లు ఒక పక్కకు ఉంటుంది. అలాగని నడిమధ్యన ఉండదని కాదు.

ఇక్కడ కెనడా గూస్‌ల మధ్య కాక్లింగ్ గూస్ అని ఒకటి వస్తుంది. రంగులన్నీ అవే. నల్ల మెడ, తెల్ల చెంప. కానీ ఒళ్ళు చిన్నది, ముక్కు కురచ, నుదురు నిలువు. 2004 దాకా అమెరికా పక్షిశాస్త్రజ్ఞుల జాబితాలో రెండూ ఒకే జాతి. ఆ ఏడు విడదీశారు. అప్పటిదాకా మాలాంటివాళ్ళం చూసి కూడా రాసుకోనివి ఎన్నో. స్నో గూస్ గుంపుల్లో రాసెస్ గూస్ కూడా అంతే. అదీ తెలుపే, ఇదీ తెలుపే. రాసెస్‌ది చిన్న ఒళ్ళు, చిట్టి ముక్కు. స్నో గూస్ ముక్కు పక్కన నవ్వినట్టు కనిపించే నల్ల గీత దానికి ఉండదు. ఈ రెండూ కలిసి పుట్టిన సంకరాలు కూడా తిరుగుతుంటాయి కాబట్టి "చిన్నగా ఉంది, అయిపోయింది" అనడానికి లేదు.

---

కొత్తరెక్క | జనవరి 5, ఉదయం 8:02

నేను ఈ ఏడే మొదలుపెట్టాను. తప్పుగా అడిగితే మన్నించండి. కాటన్ పిగ్మీ గూస్ మా దగ్గర తామర చెరువుల్లో చూశాను. అది కూడా ఈ గూస్‌ల లెక్కలోకి వస్తుందా? ఇంకోటి, నా దగ్గర బైనాక్యులర్ మాత్రమే ఉంది. స్కోప్ లేకుండా ఈ పని అవుతుందా?

---

చిత్తడి | జనవరి 5, ఉదయం 8:40

అడగడంలో తప్పేమీ లేదు తమ్ముడూ. కాటన్ పిగ్మీ గూస్ పేరులోనే గూస్, జాతికి చిన్న బాతు. ఈజిప్షియన్ గూస్ కూడా అంతే, చక్రవాకానికి దగ్గరి చుట్టం. అసలు గూస్‌లు రెండు ప్రజాతులు. బూడిద, తెలుపు రంగుల్లో ఉండేవి ఆన్సర్ (Anser). నల్లమెడవి బ్రాంటా (Branta). మన మాటలో ఇవన్నీ బాతులే కాబట్టి కలగాపులగం అవుతుంది. ప్రాణమున్న పక్షిని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. గూస్ కాళ్ళు ఒంటికి మధ్యలో ఉంటాయి, నేల మీద చక్కగా నడుస్తుంది, పశువులా గడ్డి కొరుక్కుంటుంది. బాతుల్లో చాలావాటికి కాళ్ళు వెనక్కి ఉండి నడక ఊగులాడుతుంది.

బైనాక్యులర్‌తో చెయ్యొచ్చు. పేరు పెట్టడంలో కొంచెం ఓర్పు ఎక్కువ కావాలి, అంతే. నేను ఆరేళ్ళు అలాగే చూశాను.

---

గట్టుమీద | జనవరి 5, మధ్యాహ్నం 1:15

వెళ్ళొచ్చాను. చీకటి ఉండగానే చేరాను, కానీ చెరువు ఖాళీ. ఒక్క గూస్ లేదు. గుండె జారిపోయింది. సూర్యుడు వచ్చిన అరగంటకు పొలాల వైపు నుంచి అరుపులు వినబడ్డాయి. తర్వాత ఒక్కో వరుసా దిగడం మొదలైంది. ఎనిమిదిన్నరకు మొత్తం గుంపు ఒడ్డు మీదకు చేరింది.

చారల్లేని పక్షి మళ్ళీ దొరికింది! బురద నుంచి గడ్డి మీదకు ఎక్కింది. కాళ్ళు స్పష్టంగా గులాబీ రంగు. ముక్కు కూడా గులాబీ, లావు, పెద్దది. నల్ల కొస లేదు. ఒళ్ళు బార్‌హెడెడ్ కన్నా బరువుగా ఉంది. మెడ మీద నిలువు గాడుల్లాంటి గీతలు. ఒక కుక్క అటు రావడంతో గుంపు లేచింది. రెక్క ముందు భాగం వెండిలా తెల్లబూడిద రంగులో మెరిసింది. ఆరు ఫోటోలు పెడుతున్నాను.

---

పాతదుర్భిణి | జనవరి 5, మధ్యాహ్నం 2:30

గ్రేలాగ్. సందేహం లేదు. గులాబీ ముక్కు కాబట్టి తూర్పు రకం. పడమటి గ్రేలాగ్ ముక్కు నారింజ వైపు ఉంటుంది. ఎగిరేటప్పుడు ఆ తెల్లబూడిద రెక్క ముందు భాగం కనబడితే దూరం నుంచి కూడా చెప్పేయొచ్చు. అభినందనలు.

ఒక్క పరీక్ష మాత్రం మిగిలింది. పెంపుడు గూస్‌లలో ఎక్కువ భాగం గ్రేలాగ్ సంతతే, మిగిలినవి స్వాన్ గూస్ సంతతి. ఎక్కడో తప్పించుకున్న పెంపుడు పక్షి అడవి గుంపులో కలవచ్చు. పెంపుడుదైతే పిరుదు దగ్గర పొట్ట కిందికి జారి నేలకు తగిలేంత బరువుగా ఉంటుంది. అక్కడక్కడ తెల్ల ఈకలు ఉండొచ్చు. మనుషుల్ని చూసి అంతగా బెదరదు, రెక్క కొసలు కత్తిరించి ఉండొచ్చు. మీ పక్షి గుంపుతోపాటు లేచింది, బాగా ఎగిరింది, ఒళ్ళు సన్నగా ఉంది. నాకు అడవి పక్షిలాగే ఉంది.

తెల్లవారుజామున ఖాళీ చెరువు చూసి బాధపడకండి. బార్‌హెడెడ్‌లు చలికాలపు తావుల్లో చాలా చోట్ల రాత్రి పొలాల్లో మేసి, పగలు నీటి ఒడ్డునో ఇసుక తిన్నెల మీదో విశ్రాంతి తీసుకుంటాయి. మిగతా గూస్‌లు ఎక్కువగా రాత్రి నీటి మీద నిలిచి తెల్లవారాక మేతకు పోతాయి. మీ చెరువుకు మీ గుంపు వేళలు ఏవో నాలుగు రోజులు చూస్తే మీకే తెలుస్తుంది. మేత నుంచి తిరిగొచ్చే ఆ గంట వెతకడానికి బంగారంలాంటిది. పక్షులన్నీ మెలకువగా, మెడలు ఎత్తి ఉంటాయి.

---

చిత్తడి | జనవరి 5, సాయంత్రం 6:48

మాస్టారూ, గట్టుమీద గారూ, ఈరోజు ఫోటోల్లో నాలుగోది మళ్ళీ తెరవండి. గ్రేలాగ్‌ని కాదు, ఎడమ అంచు చూడండి. రెండు బార్‌హెడెడ్‌ల వెనక సగం కనబడుతున్న పక్షి. మెడ ముదురు గోధుమ, కాళ్ళు నారింజ. పొట్ట మీద నల్ల మచ్చలు అడ్డంగా ఉన్నాయి. అది నీడ కాదని నా నమ్మకం. ముక్కు మొదట్లో తెల్లగా కూడా ఉంది.

నా చేతులు వణుకుతున్నాయి. ఇది వైట్‌ఫ్రంటెడ్!

---

గట్టుమీద | జనవరి 5, సాయంత్రం 7:01

గ్రేలాగ్ దొరికిన సంతోషంలో మిగతా గుంపు నేను చూడనే లేదు.

---

ఉత్తరగాలి | జనవరి 5, రాత్రి 7:44

అందరికీ జరిగేదే. ఒక అరుదైన పక్షి దొరగ్గానే కన్ను దానికే అతుక్కుపోతుంది. దొరికాక మళ్ళీ మొదటి నుంచి వెతకడం అలవాటు చేసుకోండి. దారి తప్పినవి, తక్కువగా వచ్చేవి ఒక గుంపులో ఒకటే ఉండాలని లేదు.

---

నీలిరెక్క | జనవరి 5, రాత్రి 8:10

ఇది లెసర్ వైట్‌ఫ్రంటెడ్ అని నా అభిప్రాయం. బార్‌హెడెడ్‌ల పక్కన ఎంత చిన్నగా ఉందో చూడండి. గ్రేటర్ అయితే ఇంత చిన్నగా ఉండదు. లెసర్ ప్రపంచమంతటా ముప్పులో ఉన్న జాతి. వెంటనే చోటు చెప్పండి, రేపే బయలుదేరతాను. దగ్గరికి వెళ్ళి ఒకసారి లేపితే రెక్కలు, పొట్ట అన్నీ తేలిపోతాయి.

---

పాతదుర్భిణి | జనవరి 5, రాత్రి 9:26

నీలిరెక్క గారూ, మీ ఉత్సాహం నాకు అర్థమైంది. కానీ రెండు మాటలు చెప్పాలి.

మొదటిది పేరు గురించి. సైజు చూసి లెసర్ అనడం ప్రమాదం. పక్షి వెనక నిలుచుంది, ముందున్నవి లెన్స్‌లో పెద్దగా కనబడతాయి. పైగా వైట్‌ఫ్రంటెడ్‌లలో ఆడవి, పిల్ల పక్షులు ఆశ్చర్యపడేంత చిన్నగా ఉంటాయి. లెసర్ అనాలంటే నేను ఇవి చూస్తాను. కంటి చుట్టూ నిండైన పసుపు వలయం, అదీ దూరం నుంచి కనబడేంతగా. నుదుటి తెలుపు కంటి పై దాకా, నెత్తి వైపుకి ఎక్కి ఉండడం. ముక్కు చిట్టిగా, నుదురు నిలువుగా ఉండడం. నిలుచున్నప్పుడు రెక్క కొసలు తోక దాటి బయటికి రావడం. మేసేటప్పుడు పక్కవాటికన్నా చురుగ్గా, గబగబా కొరుకుతూ నడవడం. గ్రేటర్‌లో కూడా కొన్నిటికి కంటి చుట్టూ సన్నని పసుపు అంచు ఉంటుంది కాబట్టి అదొక్కటే చాలదు. ఈ ఫోటోలో నాకు ఒక్క లక్షణం కూడా ఖాయంగా కనబడలేదు. ఈ పూటకు "వైట్‌ఫ్రంటెడ్, ఏ రకమో తేలలేదు" అని రాసుకోవడమే సరి.

ఈ వెతుకులాటకు మంచి చరిత్ర ఉంది. 1945 డిసెంబరులో పక్షుల చిత్రకారుడు పీటర్ స్కాట్ ఇంగ్లండులో సెవెర్న్ నది ఒడ్డున ఉన్న స్లింబ్రిడ్జ్‌కి వెళ్ళాడు. మామూలు వైట్‌ఫ్రంటెడ్ గుంపుల్లో లెసర్ ఏదైనా కలిసి వస్తుందేమో చూడాలని. ఆయన ఊహ నిజమైంది. మరుసటేడు, 1946లో, ఆ చోటునే నీటిపక్షుల రక్షణ కోసం వైల్డ్‌ఫౌల్ ట్రస్ట్ మొదలుపెట్టాడు. గుంపులో ఒక్కొక్క తలా చూసే ఓపిక ఒక పెద్ద సంస్థకు దారి తీసింది. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా ఉత్సాహం వస్తుంది.

రెండోది, పక్షిని లేపడం. దయచేసి వద్దు. కింద చిత్తడి గారు దీని గురించి నాకన్నా బాగా చెప్పగలరు.

---

చిత్తడి | జనవరి 5, రాత్రి 10:12

చెప్తాను. కోపంతో కాదు, బాధతో.

గూస్ గడ్డి తిని బతుకుతుంది. ఆవులాగా నెమరు వెయ్యలేదు. తిన్నది పేగుల్లోంచి తొందరగా జారిపోతుంది, అరిగేది కొంతే. అందుకని రోజులో చాలా గంటలు మేస్తూనే ఉండాలి. ఒకసారి లేపితే ఎగరడానికి శక్తి పోతుంది, మేత సమయమూ పోతుంది. ఒక మనిషి ఒకసారి లేపితే సర్దుకుంటుంది. పదిమంది పది పూటలు లేపితే ఆ నష్టం చలికాలం చివర, తిరుగు ప్రయాణానికి కొవ్వు పెట్టుకోవాల్సిన రోజుల్లో బయటపడుతుంది. బార్‌హెడెడ్‌లు హిమాలయాలు దాటి పోవాలి. పరికరాలు కట్టి చూసినప్పుడు 7,290 మీటర్ల ఎత్తులో ఎగిరిన పక్షి కూడా ఉంది. ఆ ఎత్తులో గాలి ఎంత పలచనో ఊహించండి. వాటి నెత్తురులోని హిమోగ్లోబిన్ మిగతా గూస్‌ల కన్నా గట్టిగా ఆక్సిజన్ పట్టుకుంటుంది. అంత ప్రయాణానికి సిద్ధపడుతున్న ప్రాణిని మన ఫోటో కోసం ఎందుకు లేపాలి?

డ్రోన్ ఆలోచన ఎవరికైనా ఉంటే అది ఇంకా వద్దు.

చోటు బయటపెట్టడం గట్టుమీద గారి ఇష్టం. నేనైతే పక్షి నిలకడగా ఉందో లేదో తెలిసేదాకా, గట్టు మీద నిలబడి చూసే చోటు ఉందో లేదో తెలిసేదాకా ఆగుతాను.

---

నీలిరెక్క | జనవరి 5, రాత్రి 10:40

నిజమే. తొందరపడ్డాను, మన్నించండి. లెసర్ పేరు వినగానే ఆగలేకపోయాను. గట్టుమీద గారూ, చోటు చెప్పకపోయినా పర్వాలేదు. ఫోటోలు మాత్రం పెడుతూ ఉండండి.

---

ఉత్తరగాలి | జనవరి 6, ఉదయం 6:55

నీలిరెక్క గారూ, ఆ ఉత్సాహమే మనందరినీ చలిలో నిలబెడుతోంది. దాన్ని వదలకండి.

నాకు ఇష్టమైన కథ ఒకటి. అలాస్కాకు చెందిన అల్యూషియన్ దీవుల్లో ఉండే కాక్లింగ్ గూస్ రకం ఒకటి అంతరించిపోయిందనే అనుకున్నారు. బొచ్చు కోసం ఆ దీవుల్లో వదిలిన నక్కలు గుడ్లనీ పిల్లల్నీ తినేశాయి. 1962లో బుల్దిర్ అనే దీవిలో కొన్ని మిగిలి ఉన్నాయని తెలిసింది. అక్కడికి నక్కలు చేరలేదు. తర్వాత దీవుల్లో నక్కల్ని తొలగించారు, పక్షుల్ని తిరిగి వదిలారు. 2001లో ముప్పు జాబితా నుంచే తీసేశారు. ఈరోజు పసిఫిక్ తీరపు గుంపుల్లో మెడ కింద తెల్ల పట్టీతో చిన్న గూస్ కనబడితే నేను కాసేపు లెక్క ఆపేస్తాను.

---

కొత్తరెక్క | జనవరి 6, ఉదయం 9:20

చిత్తడి అక్కా, ఒక సందేహం. గట్టు దగ్గర చనిపోయిన పక్షి కనబడితే దగ్గరికి తీసి ఫోటో తీయొచ్చా? కాళ్ళ రంగు అదీ బాగా తెలుస్తుంది కదా అని.

---

చిత్తడి | జనవరి 6, ఉదయం 9:34

ముట్టుకోవద్దు. దూరం నుంచి ఫోటో తీసి, ఎన్ని ఉన్నాయో రాసుకుని, పశుసంవర్ధక శాఖకో అటవీ శాఖకో చెప్పు. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూతో ఆరు వేలకు పైగా పక్షులు చనిపోయాయి. వాటిలో ఎక్కువగా పోయింది బార్‌హెడెడ్‌లే. ఒకటి రెండు పోవడం మామూలే, ఒకేసారి చాలా కనబడితే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. గట్టు మీద తిరిగిన చెప్పులు కడుక్కున్నాకే కోళ్ళున్న ఇంట్లోకి వెళ్ళు.

---

గట్టుమీద | జనవరి 9, మధ్యాహ్నం 3:50

మూడు రోజులు కనబడలేదు. ఈరోజు దొరికింది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏదీ మరిచిపోకముందే.

ఈసారి మీరు చెప్పినట్టు చేశాను. మొదట లెక్క, 386 బార్‌హెడెడ్‌లు, 1 గ్రేలాగ్. పుస్తకం మూసేశాను. సూర్యుడు నా వెనక ఉండేలా గట్టు మీద చోటు మార్చుకుని కూర్చున్నాను. ఎడమ నుంచి మొదలుపెట్టాను. మొదటి విడత ఏమీ లేదు. రెండో విడతలో ఒక బార్‌హెడెడ్ మెడకు ప్లాస్టిక్ పట్టీ, దాని మీద అక్షరాలు కనబడ్డాయి. మొదటి అక్షరం మాత్రమే చదవగలిగాను. మూడో విడతలో, తుంగ పక్కన, నారింజ కాళ్ళు.

గంటన్నర పాటు దాన్నే చూశాను. ముక్కు మొదట్లో తెల్ల పట్టీ ఉంది, కానీ అది కంటి దాకా ఎక్కలేదు. ముక్కు గులాబీ, కాస్త పొడుగే. కన్ను నల్లగా, చుట్టూ వలయం ఏదీ నాకు కనబడలేదు. వెలుగు బాగున్నప్పుడు నాలుగుసార్లు చూశాను. రెక్క కొసలు తోకతో సమంగా ఉన్నాయి. పొట్ట మీద నల్ల చారలు ఐదారు, ఎడమ వైపు ఒకటి రెండుగా చీలినట్టు ఉంది. నడక నెమ్మది. కాబట్టి గ్రేటర్ అనే అనుకుంటున్నాను.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. దాని పక్కనే ఇంకో పక్షి ఉంది. మొదట అది పిల్ల బార్‌హెడెడ్ అనుకున్నాను, మామూలు గోధుమ రంగు, నుదుటి మీద తెలుపు లేదు, పొట్ట మీద చారలు లేవు. ఏ గుర్తూ లేని పక్షి. కానీ తెల్ల నుదురుది పది అడుగులు వేస్తే ఇదీ వేస్తుంది. అది మెడ ఎత్తితే ఇదీ ఎత్తుతుంది. ఒక బార్‌హెడెడ్ కుటుంబం మెడలు చాచి తరుముకొచ్చినప్పుడు తెల్ల నుదురుది మధ్యలోకి వచ్చి నిలబడింది. చిన్నది దాని వెనక్కి చేరింది. అప్పుడు చిన్నదాని కాళ్ళు చూశాను. ఎర్రని నారింజ. బార్‌హెడెడ్‌ల పసుపు కాదు. ముక్కు కొస నల్లగా ఉంది. మొహం మీద తెలుపు అసలే లేదు. పిల్ల బార్‌హెడెడ్‌కి మొహం తెల్లగా ఉండాలి కదా.

ఇది దాని బిడ్డ అనుకుంటే తప్పా? నాకు అలా అనిపించిన క్షణం కళ్ళు చెమ్మగిల్లాయి.

---

పాతదుర్భిణి | జనవరి 9, సాయంత్రం 4:41

తప్పు కాదు. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఫోటోలు కూడా సరిపోతున్నాయి. పెద్దది గ్రేటర్ వైట్‌ఫ్రంటెడ్, ఎదిగిన పక్షి. పక్కది అదే జాతి పిల్ల, నిరుడు వేసవిలో ఆర్కిటిక్ టండ్రాలో పుట్టినది. వైట్‌ఫ్రంటెడ్ పిల్లలకు మొదటి చలికాలం మొదట్లో నుదుటి తెలుపు ఉండదు, పొట్ట చారలు ఉండవు, ముక్కు కొస ముదురుగా ఉంటుంది. ఎదిగినవాటికి ఆ కొస తెల్లబడుతుంది. వచ్చే నెలలోపు దాని నుదుటి మీద తెల్ల ఈకలు మొలవడం మీరు చూడొచ్చు. చూస్తే తేదీలతో రాసి పెట్టండి.

గూస్‌లు మామూలుగా జీవితాంతం ఒకే జంటగా ఉంటాయి. పిల్లలు మొదటి చలికాలమంతా తల్లిదండ్రుల్ని వదలవు. దారి కూడా వాటి వెంటే నేర్చుకుంటాయి. ఇక్కడ ఒక్కరే ఉన్నారు కాబట్టి రెండోది దారిలో పోయి ఉండొచ్చు, వేరుపడి ఉండొచ్చు. అంతకు మించి మనం చెప్పలేం.

ఒక్కటే పిల్ల పక్షి విడిగా వచ్చి ఉంటే మనలో ఎవరూ దాన్ని పట్టుకునేవాళ్ళం కాదు. నాకైనా కష్టమే. నేను ఇన్నేళ్ళలో ఇలాంటి పిల్లల్ని ఎన్నిటిని బార్‌హెడెడ్ లెక్కలో కలిపేశానో.

పొట్ట చారల్లో ఆ చీలికని బొమ్మ గీసి పెట్టుకోండి. ఆ చారలు ఒక్కో పక్షికి ఒక్కో తీరు. రేపు వేరే వైట్‌ఫ్రంటెడ్ వచ్చినా ఇదో కాదో చెప్పగలుగుతారు.

---

చిత్తడి | జనవరి 9, సాయంత్రం 5:15

మెడ పట్టీ సంగతి వదలకండి. పట్టీ రంగు, అక్షరాల రంగు, కింది నుంచి పైకా పై నుంచి కిందికా అన్నది, ఎన్ని అక్షరాలు, అన్నీ రాయండి. ఒక్క అక్షరమే చదివినా ఆ ఒక్కటీ రాయండి. ఊహించి మిగతావి నింపొద్దు. మంగోలియా సరస్సుల్లో ఈకలు రాల్చి ఎగరలేని రోజుల్లో బార్‌హెడెడ్‌లకు ఇలాంటి పట్టీలు వేశారు. పూర్తిగా చదివితే ఆ పక్షి ఏ సరస్సు నుంచి వచ్చిందో తెలియవచ్చు.

ఈ నెలలోనే ఆసియా నీటిపక్షుల గణన కూడా ఉంది. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మీ 386, 1, 2 అంకెలు అందులోకి వెళ్ళాలి. ఫోటోలు, మీరు పైన రాసిన వివరం, కంటి వలయం కనబడలేదన్న సంగతితో సహా జత చెయ్యండి. కనబడనిది కూడా రాస్తేనే చూసేవాళ్ళు నమ్ముతారు.

---

కొత్తరెక్క | జనవరి 12, రాత్రి 8:30

నేనూ నిన్న మా గుంపు దగ్గరికి వెళ్ళాను. అరుదైనవేవీ లేవు. కానీ మొదటిసారి పిల్లల్ని విడిగా లెక్కపెట్టాను. 212 పెద్దవి, 37 పిల్లలు. ఒక్కొక్క తలా చూశాను కాబట్టి మధ్యాహ్నం అయిపోయింది, మెడ పట్టేసింది. చాలా ఆనందంగా ఉంది.

ఒకటి అడగాలి. నాలుగు పిల్లలున్న జంట వస్తే మిగతావన్నీ పక్కకు జరిగిపోతున్నాయి. పిల్లల్లేని జంటను మాత్రం ఎవరైనా తరిమేస్తున్నారు. పిల్లలుంటే బలహీనం కావాలి కదా?

---

పాతదుర్భిణి | జనవరి 12, రాత్రి 9:05

బాగా గమనించావు బాబూ. గూస్ గుంపుల్లో పెద్ద కుటుంబానిదే పైచెయ్యి. తర్వాత చిన్న కుటుంబాలు, ఆ తర్వాత జంటలు, అందరికన్నా కింద ఒంటరి పక్షులు. పిల్లలు కూడా మెడ చాచి తల్లిదండ్రులతోపాటు తరమడానికి దిగుతాయి కాబట్టి మంది ఎక్కువున్న ఇల్లు గెలుస్తుంది. మంచి గడ్డి వాళ్ళకే దొరుకుతుంది. 37 పిల్లలు ఎన్ని కుటుంబాల్లో ఉన్నాయో ఈసారి రాయి.

---

గట్టుమీద | జనవరి 12, రాత్రి 9:22

అంటే తుంగ పక్కన ఆ ఇద్దరినీ ఎవరో ఒకరు తరుముతూ ఉండడం ఇందుకేనన్నమాట. ఈ మూడు రోజుల్లో పదకొండుసార్లు చూశాను. మంచి గడ్డి మీదకు వచ్చిన ప్రతిసారీ వెనక్కి తుంగలోకి పోతున్నాయి. గుంపు కునుకు తీసే వేళ మాత్రం బయటికొచ్చి మేస్తున్నాయి. ఈరోజు పన్నెండున్నరకు వచ్చి నలభై నిమిషాలు మేశాయి. చిన్నదాని ముక్కు పక్కన ఒక తెల్ల ఈక ఉందని నాకు అనిపించింది, ఖాయంగా చెప్పలేను. రేపు ఎండ నెత్తి మీదకు వచ్చేదాకా అక్కడే ఉంటాను.